ఐదు ఎడిషన్లలోనూ లేని బస్సు

ఆ శనివారం పొద్దున పళ్ళాయన పెట్టుకున్న పనులు మూడే. పదింటికల్లా క్లినిక్కులో పై వరస పళ్ళ సెట్టు ఇచ్చెయ్యాలి. అక్కణ్ణుంచి డిస్కుల షాపుకి వెళ్ళి సినిమా పెట్టె వాళ్ళ మొహాన కొట్టాలి. వస్తూ వస్తూ అక్క కళ్ళలోకి చుక్కల మందు తేవాలి. భోజనం చేసి ఓ కునుకు తియ్యాలని నాలుగో పని కూడా ఒకటి ఉంది గాని, దాన్ని ఆయన పైకి చెప్పలేదు.

పళ్ళాయన అంటే పళ్ళ డాక్టరు కాదు. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, ఇంటి వెనక రేకుల గదిలో కూర్చుని, అందులో ప్లాస్టర్ పోసి, మైనం దిద్ది, ఒక్కొక్క పన్నే నిలబెట్టి కట్టుడు పళ్ళు తయారుచేసే మనిషి. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మొహం వదిలేసి పళ్ళు చూడటం అలవాటైపోయి, వీధిలో సగం మందిని నవ్వితే తప్ప గుర్తుపట్టలేడు. ఆయన నవ్వడం మాత్రం ఈ మధ్య ఎవరూ చూడలేదు.

కారణం ఆ సినిమా. దాని పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు; ఎత్తితే ఆయన భార్య గిన్నెలు కాస్త గట్టిగా దించుతుంది. పదిహేనేళ్ళ కిందట ఆయన దాని మామూలు డిస్కు కొన్నాడు. తర్వాత స్పెషల్ ఎడిషన్ అన్నారు. పాటలు శుభ్రంగా వినపడ్డాయి, అంతే. ఆ తర్వాత 'దర్శకుడు కోరుకున్న కూర్పు' అన్నారు. అప్పటికి దర్శకుడు పోయి ఏడేళ్ళయింది, పోయే ముందు ఆ కోరిక ఎవరి చెవిలో వేశాడో తెలియదు. నాలుగోది వార్షికోత్సవం ఎడిషన్, రేకు డబ్బాలో. ఐదోది కలెక్టర్స్ ఎడిషన్, చెక్కపెట్టెలో, పైన బంగారు రంగు అక్షరాలతో 'ఇంతవరకూ ఎవరూ చూడని సన్నివేశాలు' అని. తీరా చూస్తే ఆ సన్నివేశాల్లో విలన్ తన కారు తాళం వెతుక్కుంటున్నాడు. నాలుగు నిమిషాలు వెతుక్కుని, దొరక్క, నడిచి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళలో సినిమా అంగుళం పెరగలేదు. పెట్టెలు మాత్రం పెరిగి పెరిగి బీరువాలో బట్టల అర ఆక్రమించాయి.

ఆయనకి కావలసింది అందులో ఒక్క బస్సు సీను. అదీ తనకి కాదు, అక్కకి.

అక్కకి డెబ్బై రెండు. బావ పోయాక తమ్ముడి దగ్గరే ఉంటోంది. అంతకు ముందు తమ్ముడే వాళ్ళ దగ్గర ఉండి పెరిగాడు. పళ్ళ పని నేర్చుకోమని వేరే ఊరు పంపించి ఫీజు కట్టింది బావే. మిల్లులో షిఫ్టులు చేసే బావకి సినిమాలంటే నిద్ర. అక్కా బావా కలిసి హాల్లో చూసిన సినిమా జీవితంలో అదొక్కటే. అది పదకొండు రోజులు ఆడి వెళ్ళిపోయింది. పని నేర్చుకుంటూ దూరాన ఉన్న పళ్ళాయన దాన్ని హాల్లో చూడలేదు.

"వాన కురుస్తుంటుందిరా. బస్సు ఆగిపోతుంది. ఇద్దరే ఉంటారు. అతను చొక్కా చేత్తో అద్దం తుడిచి, దూరంగా పెట్రోలు బంకు దీపం చూపిస్తాడు. 'అది మనింటి దీపం అనుకో, చేరిపోయాం అనుకో' అంటాడు. ఎంత బాగుంటుందో" అని అక్క చెప్పేది. మొదటి డిస్కులో ఆ సీను లేకపోతే కోసేశారనుకున్నారు. రెండోదాంట్లో లేకపోతే మూడోదాంట్లో ఉంటుందనుకున్నారు. ఇంతలో అక్క కంటి లోపల ఒత్తిడి పెరిగి, నరం దెబ్బతిని, చూపు నాలుగు పక్కల నుంచీ మూసుకురావడం మొదలెట్టింది. ఇప్పుడామెకి లోకం గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. టీవీకి జానెడు దూరంలో స్టూలు వేసుకుని, హీరో మొహం చూశాక హీరోయిన్ మొహం కోసం తల తిప్పి వెతుక్కుంటుంది. 'ఏడాది. ఎక్కువ ఆశ పెట్టుకోకండి' అని కళ్ళ డాక్టరు తమ్ముణ్ణి గది బయటికి పిలిచి చెప్పాడు. తలుపు సరిగా మూసుకోలేదు. అక్క వినేసింది.

"పోనీలేరా, ఆ బస్సు సీను ఒక్కటి చూసేస్తే తర్వాత ఏం కనపడకపోయినా ఫర్వాలేదు" అంది ఇంటికొస్తూ. ఊరికే అన్నమాటే. కాని పళ్ళాయన ఆ మాట పట్టుకుని కూర్చున్నాడు.

అందుకే నాలుగు ఆదివారాలు కూర్చుని కంపెనీకి ఉత్తరం రాశాడు. ఇంట్లో వేరే కాగితం లేక, 'కట్టుడు పళ్ళు తయారుచేయబడును' అని పైన అచ్చేసి, కింద ఇంటి ఫోన్ నంబరు ఉన్న తన లెటర్ ప్యాడ్ మీదే రాశాడు.

"ఏవండీ, వాన వచ్చేలా ఉంది. రెండిటికీ కాగితం చుట్టనా?" అంది భార్య.

"చుట్టు. ఆ ఉత్తరం డబ్బాలో పెట్టి మరీ చుట్టు" అన్నాడాయన గడ్డం గీసుకుంటూ.

బల్ల మీద రెండు డబ్బాలున్నాయి. ఒకటి సినిమా చెక్కపెట్టె. రెండోది పై వరస సెట్టు, దాంతోపాటు కింది దవడ ప్లాస్టర్ అచ్చు ఉన్న అట్టపెట్టె. రెండూ ఇంచుమించు ఒకే పరిమాణం, ఒకే బరువు. ఆమె ఉత్తరం తీసి చూసింది. పైన పళ్ళ గురించి అచ్చేసి ఉంది. ఇందులో ఆలోచించడానికేముంది అనుకుని పళ్ళ డబ్బాలో పెట్టి, రెండిటికీ ముదురు కాగితం చుట్టి, దారంతో అందంగా కట్టింది.

"ఉత్తరం ఏ దాంట్లో ఉంది?"

"ఇదిగో, ఇందులో."

పళ్ళాయన దాని మీద పెన్సిలుతో టిక్కు పెట్టుకున్నాడు. టిక్కు ఉన్నది షాపుకి, లేనిది క్లినిక్కుకి. జీవితంలో ఆయన ఇంత జాగ్రత్తగా చేసిన పని ఇంకోటి లేదు.

క్లినిక్కులో డాక్టరు గారు ఎవరిదో పన్ను పీకుతుంటే, టిక్కు లేని పొట్లం గుమ్మం దగ్గర కూర్చునే అమ్మాయికిచ్చి బయటపడ్డాడు. డిస్కుల షాపాయన టిక్కు పొట్లం చూడగానే తల గోక్కున్నాడు.

"మళ్ళీ లేదాండీ?"

"లేదు. విలన్ తాళాలున్నాయి."

"పాత ప్రింట్లలో ఉండే ఉంటుందండీ. ఈసారి కొయ్యకుండా వస్తే..."

"ఈ మాట మీరు నాలుగుసార్లు చెప్పారు. నాలుగుసార్లూ నేను కొన్నాను. ఇది కంపెనీకి వాపసు పంపించండి. ఉత్తరం లోపలుంది. కావాలంటే విప్పి చూసుకోండి."

"అమ్మో, వద్దండీ. విప్పితే నా చెయ్యి పడిందంటారు. కట్టింది కట్టినట్టే పంపించాలి. పదకొండింటికి వ్యాను వస్తుంది" అని దాన్ని పక్కన పెట్టాడు.

పదిహేనేళ్ళలో మొదటిసారి పళ్ళాయన ఆ షాపులోంచి తేలిగ్గా బయటికొచ్చాడు. చుక్కల మందు కొన్నాడు. వాన కూడా రాలేదు. ఇంటికెళ్ళి కంచం ముందు కూర్చుంటుండగా ఫోన్ మోగింది.

"పై వరస ఏదయ్యా?" అన్నాడు డాక్టరు గారు.

"పొద్దునే ఇచ్చాను కదండీ."

"ఇచ్చావు. పేషెంటుని కుర్చీలో పడుకోబెట్టి, నోరు తెరిపించి, విప్పాను. పెట్టె మీద ఒక ఆడమనిషీ మగమనిషీ చేతులు పట్టుకుని నిలబడున్నారు. 'ఇంతవరకూ ఎవరూ చూడని సన్నివేశాలు' అని రాసుంది. ఆయన నోరు ఇంకా తెరుచుకునే ఉంది."

పేషెంటు రిటైర్డ్ హెడ్మాస్టరు. మర్నాడు పాత విద్యార్థుల సభలో గంటన్నర ఉపన్యాసం ఉందని, దాని కోసమే పళ్ళు కట్టించుకుంటున్నాడు. ఫోన్లో వెనకనుంచి ఆయన గొంతు వినిపిస్తోంది. "ఇఫి ఎగఫాళి! ఇఫి ముమ్మాఫికీ ఎగఫాళి!"

పళ్ళాయన కంచం వదిలి షాపుకి పరుగెత్తాడు. వ్యాను వెళ్ళిపోయింది. ఇంకో సెట్టు చేద్దామా అంటే, అచ్చులోంచి సెట్టు బయటికి తీసేటప్పుడు ఆ పై దవడ ప్లాస్టర్ పగలగొట్టక తప్పదు. అది ముక్కలై చెత్తబుట్టలో ఉంది. ఇక మిగిలింది కంపెనీకి ఫోన్ చెయ్యడమే. చేస్తే ఒక ఆడగొంతు, ఫిర్యాదులకి ఒకటి నొక్కమంది, మెచ్చుకోళ్ళకి రెండు నొక్కమంది. ఒకటి నొక్కితే సంగీతం వచ్చింది. నలభై నిమిషాలు అదే సంగీతం. ఆ సినిమాలోదే. విసిగిపోయి రెండు నొక్కాడు. వెంటనే ఎవరో ఎత్తారు.

"నమస్కారమండీ! ఏ సినిమా మెచ్చుకుంటున్నారు?"

"మెచ్చుకోవడం కాదమ్మా, నా పార్శిల్ ఒకటి మీ దగ్గరికొస్తోంది. అందులో పళ్ళున్నాయి. అర్జెంటుగా వెనక్కి కావాలి."

"పళ్ళా అండీ?"

"పళ్ళే. పై వరస."

"చాలా సంతోషమండీ, మెచ్చుకోలుగా నమోదు చేసుకున్నాను" అని ఆ అమ్మాయి పెట్టేసింది.

మర్నాడు హెడ్మాస్టరు పళ్ళు లేకుండానే సభకి వెళ్ళాడు. గంటన్నర అనుకున్నది పదకొండు నిమిషాల్లో ముగిసింది. ఆయన జీవితంలో జనం చివరిదాకా లేవకుండా కూర్చున్న ఉపన్యాసం అదొక్కటేనని విన్నవాళ్ళు చెప్పారు. ఆయన మాత్రం అలా అనుకోలేదు. సోమవారం డాక్టరు గారు, సినిమా పెట్టె వెనక్కిచ్చి, చేతిలో ఉన్న మిగతా అచ్చులన్నీ వేరేవాళ్ళకి పంపించేశానని చల్లగా చెప్పాడు. పళ్ళాయన ఆ పూట రేకుల గదిలో లైటు వేసుకోకుండా కూర్చున్నాడు.

గురువారం కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. ప్రచారం చూసే అమ్మాయట.

"సార్, మీ పళ్ళు అందాయి. మీ ఉత్తరం చదివాం. ఆఫీసంతా ఏడ్చాం సార్."

పళ్ళాయనకి ఉత్తరంలో ఏం రాశాడో ఒక్కొక్క ముక్కే గుర్తొచ్చింది. 'అయ్యా, మిమ్మల్ని నమ్మి ఐదుసార్లు కొన్నాను. ఐదుసార్లూ నా మూతిపళ్ళు రాలాయి. ఇక నా వల్ల కాదు. ఇందులో ఉన్నవి నాకు అక్కర్లేదు, మీరే ఉంచుకోండి. దీనికి బదులు, చూపు పోయేలోగా మా అక్కకి ఆ బస్సు సీను ఒక్కటి చూపించండి, చాలు.'

"అవి నా పళ్ళు కావమ్మా" అన్నాడు నీరసంగా.

"అవును సార్. ఇప్పుడవి అందరివీ."

రెండు రోజుల తర్వాత పేపర్లో వచ్చింది, 'సన్నివేశం కోసం పళ్ళు పంపిన అభిమాని' అని. వీధిలో వాళ్ళు ఆగి ఆయన నోట్లోకి చూడటం మొదలుపెట్టారు. ఉన్న పళ్ళన్నీ ఉన్నాయని చూపిస్తే, "ఎంత బాగా కట్టుకున్నారండీ!" అన్నారు. ఆయన దగ్గర సెట్లు చేయించుకునే ఇంకో ఇద్దరు డాక్టర్లు కూడా వెనక్కి తగ్గారు. సినిమా కోసం సొంత పళ్ళు పోగొట్టుకున్నవాడు మా పళ్ళేం చేస్తాడని పేషెంట్లు భయపడుతున్నారట. "వెర్రి ముదిరిందన్నారు మా పిన్ని వాళ్ళు" అంది భార్య. "ముదిరింది ఎవరికని అడిగాను. చెప్పలేదు."

ఆ వారమే కంపెనీ వాళ్ళు కెమెరా పట్టుకుని ఇంటికొచ్చారు. ముందు గదిలో సోఫా తిప్పారు, కిటికీ మూశారు, బీరువాలోంచి ఐదు పెట్టెలూ తీయించి బల్ల మీద మెట్లలాగా పేర్చారు. ప్రచారం అమ్మాయి నిజంగానే మంచి పిల్ల. వచ్చీ రాగానే అక్క కాళ్ళ దగ్గర కింద కూర్చుంది. పళ్ళు తెచ్చిందేమోనని పళ్ళాయన ఆమె సంచీ వంకే చూస్తున్నాడు.

"చెప్పండి సార్, ఈ సినిమా గురించి మీ మనసులో మాట."

పళ్ళాయన మనసులో మాట మొత్తం చెప్పాడు. "ఐదుసార్లు కొన్నాను. ఐదుసార్లూ అదే సినిమా. ఇంతకంటే మోసం ఉంటుందా? ఇంకా కొనాలా? నా అంత వెర్రివాడు లేడు." టీవీలో వచ్చేటప్పటికి అది ఇలా ఉంది. "ఐదుసార్లు కొన్నాను. ఐదుసార్లూ... ఇంకా కొనాల..." ఆ 'కొనాల' దగ్గర ఆయన మొహం నిలిచిపోయి, వెనక వయొలిన్ వచ్చింది.

ఆ కార్యక్రమంలో ముక్కలు చెయ్యకుండా వదిలేసింది అక్క మాటలొక్కటే. ఆమె బస్సు గురించి, వాన గురించి, పెట్రోలు బంకు దీపం గురించి చెప్పింది. చూసినవాళ్ళలో ముప్ఫై ఏడుగురు తమకీ ఆ సీను గుర్తుందని కంపెనీకి రాశారు. ఒకాయన ఆ బస్సు నంబరు కూడా రాశాడు. ఇంకొకావిడ ఆ సీన్లో పాట ఉండేదని, తనకి పల్లవి వచ్చని రాసింది. పది రోజులు తిరక్కుండా ప్రకటన వెలువడింది. ఆరో ఎడిషన్. 'కోట్లాది అభిమానులు ఎదురుచూస్తున్న బస్సు సీనుతో.'

"చూశావా అక్కా, వస్తోంది" అన్నాడు పళ్ళాయన. పోయిన పనీ, పోయిన పరువూ ఆ ఒక్కమాటతో తిరిగొచ్చినట్టే ఉంది ఆయనకి.

"త్వరగా వస్తే బాగుండును రా" అంది అక్క. ఆ పొద్దున ఆమె కాఫీ గ్లాసు కోసం చెయ్యి చాపి పక్కనున్న మందుసీసా పట్టుకుంది. తమ్ముడు సీసా తీసి గ్లాసు చేతికిచ్చాడు.

సీను వెతికే పని మొదలయ్యాక కంపెనీ వాళ్ళు అక్కనీ తమ్ముణ్ణీ తమ ఆఫీసుకి పిలిపించారు. ఆ సినిమాని అప్పట్లో కత్తిరించి అతికించిన ఎడిటరమ్మ ఇంకా బతికే ఉందట, ఎనభై దాటినా ప్రతి ముక్కా గుర్తుందట. ఆమెనీ అక్కనీ కలిపి మాట్లాడించి, దాన్ని కూడా డిస్కులో వేద్దామని ప్రచారం అమ్మాయి ఆలోచన. ఆఫీసు గుమ్మంలో అద్దాల పెట్టె ఒకటి ఉంది. లోపల నీలం మఖమలు గుడ్డ మీద హెడ్మాస్టరు పై వరస మెరుస్తోంది. కింద చీటీ, 'ఒక అభిమాని త్యాగం.'

"అమ్మా, అవి ఇప్పించెయ్యి. ఆయన నెల రోజులుగా జావ తాగుతున్నాడు" అన్నాడు పళ్ళాయన.

"అవిప్పుడు కంపెనీ ఆస్తి జాబితాలోకి ఎక్కేశాయి సార్" అంది ఆ అమ్మాయి బాధగా.

లోపల చిన్న హాలు. నాలుగు కుర్చీలు, ఒక తెర, రెండు కెమెరాలు. ఎడిటరమ్మ సన్నగా, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని, ఎవరి వంకా చూడకుండా కూర్చుంది. అక్క చెప్పినదంతా వింది.

"బస్సా?" అంది. "ఈ సినిమాలో బస్సు లేదమ్మా."

ప్రచారం అమ్మాయి ముందుకి వంగింది. "మేడమ్, ముప్ఫై ఏడుగురికి గుర్తుంది."

"ఉండొచ్చు. నేను కోసిందేదో నాకు తెలుసు కదా. నిర్మాత దగ్గర బస్సు తెచ్చే స్తోమత లేక హీరోని సినిమా అంతా నడిపించాం. వాన కూడా లేదు. నీళ్ళ ట్యాంకరు ఒక్కరోజే వచ్చింది, అదీ సగం ఖాళీ."

అక్క ఎక్కడో గొట్టం చివర ఎడిటరమ్మ మొహం దొరకబుచ్చుకోవాలని తల అటూ ఇటూ తిప్పుతోంది. అది చూసి ఎడిటరమ్మ తన కుర్చీ దగ్గరికి లాక్కుంది. గొంతు మెత్తబడింది.

"మళ్ళీ చెప్పమ్మా. తొందరేం లేదు. వాళ్ళిద్దరే ఎందుకు మిగిలారు బస్సులో?"

"అందరూ దిగి నడిచి వెళ్ళిపోయారు. ఆమె చెప్పు తెగింది. అందుకని దిగలేదు."

"సరే. వాళ్ళని నువ్వు ఎటునుంచి చూస్తున్నావు? ముందునుంచా, వెనకనుంచా?"

అక్క ఆలోచించింది. "పక్కనుంచి. అతని భుజం పక్కనుంచి."

"ఆమె మొహం ఎలా ఉంది?"

"ఆమె మొహం... ఆమె మొహం కనపడదు. అతని మొహమే."

"ఒక్కసారి కూడా కనపడదా?"

"లేదు."

"మా సినిమాలో హీరోయిన్ మొహం లేని షాటు ఒక్కటి లేదమ్మా. ఆవిడ ఒప్పుకునేది కాదు." ఎడిటరమ్మ చేతికర్ర పక్కన పెట్టింది. "బస్సులో టిక్కెట్లు ఎవరు తీశారు?"

"ఇంకెవరు, మీ బావే..." అని అక్క అలవాటుగా తమ్ముడి వైపు తిరిగింది. తిరిగి, అక్కడే ఆగిపోయింది.

కెమెరాలు తిరుగుతూనే ఉన్నాయి. ఎవరికీ ఆపమని చెప్పాలనిపించలేదు. ఆ రోజు సినిమా అయ్యాక ఇంటికి పోయే బస్సు అది. ఇల్లంటే ఇల్లు కూడా కాదు, మిల్లు వెనక ఇంకో రెండు కుటుంబాలతో కలిసి ఉంటున్న గది. ఆ దీపం చూపించి ఆ మాట అన్న మనిషి అలాంటి మాట అంతకు ముందు అనలేదు, ఆ తర్వాతా అనలేదు. అందుకే కాబోలు, అది సినిమాలోదే అయి ఉంటుందని ఆమె మనసు ఎప్పుడో తేల్చేసుకుంది.

"అదన్నమాట" అంది అక్క. "డిస్కు పెట్టినప్పుడల్లా ఆ హీరోని చూసి, వీడెవడా అనుకునేదాన్ని." తర్వాత తమ్ముడి చెయ్యి తడిమి పట్టుకుంది. "నీచేత ఐదుసార్లు కొనిపించానురా."

"ఫర్వాలేదక్కా" అన్నాడు పళ్ళాయన.

ప్రచారం అమ్మాయి కళ్ళు తుడుచుకుని, ఒక పెద్దాయనతో గుసగుసలాడి వచ్చింది. "సార్, ఒక చిన్న ఇబ్బంది. అట్టలు ఇరవై వేలు అచ్చయిపోయాయి. బస్సు సీనుతో అని."

కంపెనీ ఆ ఇబ్బందిని ఎలా దాటిందో ఆరో ఎడిషన్ వచ్చాక తెలిసింది. అది రావడానికి ఐదు నెలలు పట్టింది. ఆలోపు హెడ్మాస్టరుకి కొత్త అచ్చు తీయించి, పళ్ళాయన డబ్బు తీసుకోకుండా సెట్టు కట్టి ఇచ్చాడు. పోయిన పనిలో సగం తిరిగొచ్చింది. అక్క చూపు తిరిగి రాలేదు. ఇప్పుడామెకి కిటికీ ఎటుందో తెలుస్తుంది, అంతే. డిస్కు ఒకటి ఉచితంగా పంపిస్తామని ప్రచారం అమ్మాయి మాటిచ్చింది గాని, పళ్ళ కోసం మాటిమాటికీ ఫోన్ చెయ్యడంతో పళ్ళాయన్ని మెచ్చుకోలు జాబితాలోంచి తీసి ఫిర్యాదు జాబితాలో వేశారట. ఆ జాబితాలో ఉన్నవాళ్ళకి ఉచితాలు లేవు. ఆయన షాపుకి వెళ్ళి ఆరోది కూడా కొన్నాడు.

మధ్యాహ్నం ముగ్గురూ టీవీ ముందు కూర్చున్నారు. అక్క స్టూలు అవసరం లేదంది, గోడకి ఆనుకుని కుర్చీలో కూర్చుంది. 'బస్సు సీను' అన్నచోట నొక్కితే ఆ చిన్న హాలు వచ్చింది. వాన, తెగిన చెప్పు, అతని భుజం పక్కనుంచి కనిపించే మొహం, టిక్కెట్లు. ఏడు నిమిషాలు. ఆ సినిమా పేరెత్తితే గిన్నెలు చప్పుడు చేసే భార్య లేచి వెళ్ళి శబ్దం ఇంకాస్త పెంచి వచ్చింది. అక్క కళ్ళు మూసుకుని చివరిదాకా వింది.

"ఎలా ఉంది వదినా?" అంది భార్య.

"బాగుంది అమ్మాయ్. ఆ ముసలావిడ కొంచెం సాగదీస్తోంది" అంది అక్క. కళ్ళు తెరవకుండానే, "ఇంకోసారి పెట్టండి" అంది.

రోజూ మధ్యాహ్నం పెట్టారు. పెట్టగా పెట్టగా రెండు నెలలకి డిస్కు మీద గీతలు పడి, సరిగ్గా బావ అద్దం తుడిచే చోట మాట తడబడటం మొదలెట్టింది. పళ్ళాయన మళ్ళీ షాపుకి బయల్దేరాడు, ఆరోదే ఇంకోటి కొనడానికి. షాపాయన ఆయన్ని చూసి దిగాలుగా లేచాడు.

"ఆరోది లేదండీ. ఒక్కటీ లేదు. కంపెనీ అన్నీ వాపసు తీసుకుంది. బస్సు చూపిస్తామని ముసలాళ్ళని చూపించారని జనం తిట్టిపోశారు. ఏడోది వేస్తున్నారు."

"అందులో బస్సు సీను ఉందా?"

"తీసేశారండీ."

"మరి అందులో కొత్తగా ఏముంది?"

"ఏమీ లేదండీ" అన్నాడు షాపాయన. "అదే ఈసారి కొత్త."